పెద్దమ్మ పీకిన ప్లగ్గు

కాఫీ కొట్టులో వైఫై పెట్టించిన రోజున పెద్దమ్మ ఒక్క మాటా అనలేదు. కోడలు అప్పుడే అనుమానపడి ఉండాల్సింది. దేనిమీదైనా పది మాటలు అనందే ఊరుకునే మనిషి కాదు ఆవిడ.

పెట్టించక తప్పలేదు మరి. ఎదురుగా కొత్త కాఫీ హోటలు వచ్చింది. గాజు తలుపులు, మెత్తటి కుర్చీలు, తలుపు మీదే పెద్ద అక్షరాలతో 'వైఫై ఉచితం' అని. కుర్రకారంతా అటు మళ్లింది. ఇక్కడ మధ్యాహ్నం పూట ఈగలు తోలుకోవడమే మిగిలింది. "మనమూ పెట్టిద్దాం అత్తయ్యా" అంది కోడలు. పెట్టించి, పాస్‌వర్డు రాసిన అట్టముక్క గోడకు అంటించింది. కొద్ది రోజుల్లోనే బల్లలు నిండాయి.

బల్లలు నిండాయి గాని, కొట్టుకు నోరు పడిపోయింది. పెద్దమ్మ కాఫీ గొప్ప కాఫీ అని ఎవరూ అనరు, పెద్దమ్మతో సహా. జనం వచ్చేది కబుర్లకోసం. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరికి ఇల్లు అద్దెకు దొరికింది, ఎవరు ఎవరిమీద అలిగారు, అన్నీ ఆ పొయ్యి ముందే తేలేవి. రాయినైనా మాట్లాడించగలనని ఆవిడ గర్వం. అలాంటిది, రిటైరైన మాస్టారు కూడా, నోరు తెరిస్తే మూయని మనిషి, ఎవరో చదరంగం ఆడుతుంటే ఫోనులో చూస్తూ కాఫీ చల్లార్చుకుంటున్నాడు. "మోకాలు ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగితే "ఊఁ" అన్నాడు. మోకాలు ఎలా ఉందంటే ఊఁ ఏమిటి? పెద్దమ్మకు ఒళ్లు మండింది.

మర్నాటినుంచి ఒక పని మొదలుపెట్టింది. మధ్యాహ్నం జనం నిండుగా ఉన్నప్పుడు, పంచదార అందుకునే నెపంతో అలమర వెనక్కి చెయ్యి పోనిచ్చి, లైట్లు మిణుకుమనే ఆ వైఫై డబ్బా ప్లగ్గు పీకేసేది. "నెట్ పోయిందా? అయ్యో, పోతూ ఉంటుంది నాయనా, యంత్రం కదా" అని సానుభూతి కూడా చూపించేది. ముందు అందరూ ఫోన్లు అటూ ఇటూ తిప్పి చూసేవారు. తర్వాత తలలెత్తేవారు. ఆ తర్వాత ఎవరో ఒకరు ఎండ గురించో రోడ్డు తవ్వకం గురించో ఒక మాట అనేవారు. ఇంకేముంది, కాసేపట్లో కొట్టు మళ్లీ పాత కొట్టయిపోయేది. కోడలు పాపం కంపెనీవాళ్లకు ఫోన్లు చేసి చేసి విసిగిపోయింది.

ఆ రోజూ అంతే. ప్లగ్గు పీకిన కాసేపటికే కొట్టు హోరెత్తింది. మాస్టారు మోకాలి చరిత్ర మొదటినుంచి ఎత్తుకున్నాడు. పెద్దమ్మకు కడుపు నిండినట్టయింది. కప్పులు పట్టుకుని వస్తూ వస్తూ కిటికీ పక్క బల్ల దగ్గర ఆగింది.

అక్కడ టైలరు కూర్చుని ఉన్నాడు. పక్క వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఏళ్ల తరబడి వస్తున్నాడు. వచ్చేవాడు, వేలు చూపించేవాడు, కాఫీ తాగేవాడు, పోయేవాడు. వైఫై వచ్చాక మాత్రం ఆ మూల చాలాసేపు కూర్చుంటున్నాడు. ఫోను ముందు చేతులాడిస్తుంటే పెద్దమ్మ పొయ్యి దగ్గర్నుంచే చూసి, అదేదో కొత్త రకం ఆట అనుకుంది. ఇతన్ని కూడా ఫోను మింగేసిందని తీర్మానించేసింది.

ఇవాళ దగ్గర్నుంచి చూసింది. ఫోను నీళ్ల గ్లాసుకు ఆనించి ఉంది. తెరమీద అతని పోలికలే ఉన్న ఒక ఆడమనిషి, అక్కో చెల్లెలో, ఏదో చెబుతూ చెబుతూ చేతులు గాల్లో ఉండగానే బిగుసుకుపోయి ఉంది. టైలరు తెర తట్టాడు. మళ్లీ తట్టాడు. తర్వాత తన చేతులు మెల్లగా దించి ఒళ్లో పెట్టుకుని, చుట్టూ ఆడుతున్న నోళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. కోపమేమీ లేదు. బాగా అలవాటైన చూపు.

పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. కొట్టంతా మూగబోయిందని తను ఏడుస్తున్న ఇన్నాళ్లూ, ఇక్కడ మనసారా మాట్లాడుకున్నది ఇతనొక్కడే. ఆ మాటనే తను పనిగట్టుకుని పీకేస్తోంది. అంతకు ముందు ఇన్నేళ్లూ ఈ హోరు మధ్య అతను ఇలాగే కూర్చున్నాడు, అదీ తన కంట పడలేదు.

కప్పులు అక్కడే పెట్టేసి వెళ్లి ప్లగ్గు పెట్టింది. కోడలు చూడనే చూసింది.

"అత్తయ్యా! ఇన్నాళ్లూ మీరేనా?"

"నేనేనే తల్లీ. తర్వాత తిడుదువుగాని, ముందు అది వెలిగిందో లేదో చూడు."

వెలిగింది. కబుర్లు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. మాస్టారు మోకాలిని సగంలో వదిలేసి చదరంగంలో పడ్డాడు. పెద్దమ్మకు మనసు చివుక్కుమంది గాని, ఊరుకుంది. మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది, కోడల్ని వెంటబెట్టుకుని.

టైలరు మళ్లీ కలపగానే తెరమీద మనిషి కదిలింది. నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడ్డ పెద్దమ్మను చూడగానే కళ్లు పెద్దవి చేసి, మూతి దగ్గర వేళ్లు చకచకా కలిపి విడదీసి, మరో చెయ్యి నడుంమీద వేసుకుంది. టైలరు కంగారుగా వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏమంటోందే?" అంది పెద్దమ్మ.

కోడలు నవ్వు ఆపుకుంది. "గలగలా మాటలు, నడుంమీద చెయ్యి... మీరే అత్తయ్యా. మీకు పెట్టుకున్న పేరనుకుంటా."

పెద్దమ్మకు నవ్వొచ్చింది. ఈ మనిషి తన గురించి ఎక్కడో ఉన్న తోబుట్టువుకు చెప్పుకున్నాడు, పేరు పెట్టుకున్నాడు. తనకు మాత్రం ఇన్నేళ్లూ ఇతను 'ఆ మూగాయన'. సిగ్గేసింది.

కుర్చీ లాక్కుని కూర్చుంది. రాయినైనా మాట్లాడించే మనిషికి ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. చివరికి తన గుండెలమీద వేలు పెట్టుకుని, మూతి దగ్గర వేళ్లాడించి, నడుంమీద చెయ్యి వేసి చూపించింది. తెరమీద మనిషి పగలబడి నవ్వింది. అప్పుడు పెద్దమ్మ టైలరు వైపు చెయ్యి చాపి, మరి నీ పేరేమిటి అన్నట్టు కళ్లెగరేసింది.

ఈ కొట్టులో ఇంతవరకూ అతని పేరు అడిగినవాళ్లు ఎవరూ లేరు. టైలరు చూపుడువేలితో ఎడమ కనుబొమ మీద అడ్డంగా గీత గీశాడు. అక్కడ పాత గాటు ఒకటి ఉందని పెద్దమ్మ అప్పుడే చూసింది.

ఆవిడా వేలెత్తి తన కనుబొమ మీద గీసుకుంది. వంకరగా వచ్చింది. అతను తల అడ్డంగా ఊపి, ఆవిడ వేలు పట్టుకుని సరిచేశాడు. పెద్దమ్మ మళ్లీ పిలిచింది.