పడుగు లేని పేక

మా అత్తగారికి చేతులు ఖాళీగా ఉంటే ఒంట్లో బాగుండదు. పుట్టింది నేతగాళ్ల ఇంట్లో, మెట్టింది నేతగాళ్ల ఇంట్లో. ఊహ తెలిసినప్పటి నుంచీ మగ్గమే ఆవిడ లోకం. అలాంటి మనిషిని తీసుకొచ్చి నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో కూర్చోబెట్టిన పాపం నాది కాదు, మా ఆయనది. ఇద్దరం వెళ్దామని టికెట్లు కొన్నాక ఆయనకి సెలవు దొరకలేదు. "టికెట్ దండగైపోతుంది, అమ్మని తీసుకెళ్లు" అన్నారు. దండగ అన్న మాట చెవిన పడగానే అత్తగారు పెట్టె సర్దుకున్నారు.

రేవులు వచ్చినన్ని రోజులూ బాగానే గడిచింది. ఆ తర్వాత ఓడ ఎక్కడా ఆగని రోజులు మొదలయ్యాయి. ఎటు చూసినా నీళ్లే. నాకు అదే కావాలి. పెళ్లి కాకముందు నుంచీ కలగన్న ప్రయాణం ఇది. కుర్చీలో వాలి సముద్రం చూస్తూ ఎన్నాళ్లైనా ఉండగలను. అత్తగారు మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరిగేవారు. గది సర్దే ఆవిడ రోజూ తువ్వాళ్లతో ముచ్చటగా హంసనో ఏనుగునో చేసి మంచం మీద పెట్టి వెళ్లేది. అత్తగారు దాన్ని విప్పి, నేత వదులుగా ఉందని పెదవి విరిచి, నాలుగు మడతలు పెట్టేసేవారు. మర్నాడు ఆవిడ ఇంకా పెద్ద ఏనుగుని చేసేది. ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండానే యుద్ధం చేశారు.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను చూస్తే కొండలా పెరిగిపోతున్నాను" అన్నారు ఒక మధ్యాహ్నం. "ఇంక నావల్ల కాదమ్మాయ్. వచ్చే రేవులో నన్ను విమానం ఎక్కించెయ్."

నా గుండెల్లో రాయి పడింది. ఆవిడ ఒంటరిగా విమానం ఎక్కలేరు. ఆవిడ దిగితే నేనూ దిగాలి. మొహం పక్కకి తిప్పుకుని, "సరే అత్తయ్యా" అన్నాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా టూరు మేనేజరు వచ్చి, "రేపు పొద్దున పై అంతస్తులో పేక ఉందండీ. రానివాళ్లకి నేర్పిస్తాం కూడా" అన్నాడు.

అత్తగారి కళ్లు మెరిశాయి. మా ఇంట్లో పడుగంటే నిలువు దారం, పేకంటే అడ్డు దారం. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని మా గడపలో ఎవరికీ గుర్తు రాదు. అన్నేళ్లు ఆ ఇంట్లో ఉన్నాక నాకూ రాలేదు.

"మేమేమైనా తెచ్చుకోవాలా నాయనా?"

"ఏం వద్దండీ, చేతులూపుకుంటూ రండి. అన్నీ మేమే ఇస్తాం."

"రంగులు?"

"రెండేనండీ, ఎరుపూ నలుపూ."

"రెండేనా!" అత్తగారు కాస్త నిరాశపడ్డారు. "పోనీలే, కొత్తవాళ్లకి అవి చాలు. ఒక్కొక్కరే కూర్చోవాలా?"

"లేదండీ, ఒక్కోదాని దగ్గర ఆరుగురు."

"ఆరుగురా! చేతులు తగులుకోవూ?"

"అలవాటైపోతుందండీ" అన్నాడు మేనేజరు, అమాయకంగా.

పొద్దున్నే అత్తగారు దారం చిక్కుకోకుండా గోళ్లు తీసుకున్నారు, ఉంగరం తీసి నాకిచ్చారు, కొప్పు బిగించారు. పెళ్లికి వెళ్తున్నట్టు నడిచారు. తీరా చూస్తే గది నిండా ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, వాటి మీద పేకముక్కలు.

"మగ్గమేదీ?" అన్నారు.

మేనేజరుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు బల్ల నుంచి బల్లకి పాకింది. అత్తగారి మొహం చిన్నబోయింది. నాకు వాళ్లందరి మీదా ఒళ్లు మండింది. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లబోయాను. అంతలో ఒక బల్ల దగ్గర నుంచి, మా టూరులోనే వచ్చిన, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పిన్నిగారు, "రండి వదినగారూ, మాకో చెయ్యి తక్కువైంది. మీకెలాగూ రాదుగా, ఊరికే ముక్కలు పట్టుకుని కూర్చోండి చాలు" అంది.

"నాకెందుకు రాదు?" అని అత్తగారు కూర్చున్నారు.

రాలేదు. ఒకే జాతి ముక్కలు వరసగా పేర్చాలని ఎంత చెప్పినా ఆవిడ ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు పేర్చుకున్నారు. "అంచు ఎంత బాగా కుదిరిందో చూడు" అని నాకు చూపించారు. బల్లంతా మళ్లీ నవ్వింది. ప్రతి ఆటా ఓడిపోయారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఈ ముక్కలే బాగోలేవు" అన్నారు. పిన్నిగారు ఇంకా నవ్వేసరికి బల్ల మీద గుద్ది, అందరూ వింటుండగా, "ఒక్క ఆట గెలిచి చూపిస్తాను. గెలిచాకే ఈ ఓడ దిగి మా ఇంటికి పోతాను. అందాకా ఇంటికి పోతే ఒట్టు!" అన్నారు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి ఆవిడ. ఒట్టు పెట్టారంటే పెట్టినట్టే. లోపల్లోపల నేను చంకలు గుద్దుకున్నాను. అత్తగారు ఓడిపోవాలని కోరుకున్న కోడళ్లు లోకంలో చాలామందే ఉంటారు. నా అంత ప్రేమగా కోరుకున్నవాళ్లు మాత్రం ఉండరు.

ఆ రోజు నుంచి సముద్రం ఆవిడ కంటికి ఆనలేదు. ఫలహారం కాగానే పేక. మధ్యాహ్నం పేక. పిన్నిగారితో పోట్లాట, మళ్లీ ఆవిడ పక్కనే కాఫీ. తువ్వాలు ఏనుగు మంచం మీద పడుకునే ఉండేది. అడిగేవాళ్లు లేరు. నేను రోజూ ఆవిడ వెనక కుర్చీ వేసుకుని, ఎక్కడ గెలిచేస్తారో అని భయంభయంగా చూసేదాన్ని.

రేవు చేరే ముందు సాయంత్రం ఆవిడ చేతిలో ముక్కల్లోకి తొంగి చూశాను. ఇస్పేటు వరసగా కుదిరింది, ఆఠీను కుదిరింది, మూడు రాణులు చేరాయి. ముక్కలన్నీ కలిశాయి. షో చెప్పడమే తరువాయి. అయిపోయింది, రేపు దిగిపోతాం అనుకున్నాను. అత్తగారు చేతిని తీరిగ్గా చూసుకున్నారు. ఒక రాణిని తీసి కింద పారేశారు. పిన్నిగారు దాన్ని లాక్కుని షో కొట్టింది. "ఛ, మళ్లీ పోయింది!" అన్నారు అత్తగారు.

పొద్దున ఓడ రేవులో ఆగింది. ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే ఇంక పట్టలేక అడిగేశాను.

"నిన్న మీరు గెలిచారు కదా అత్తయ్యా. రాణిని ఎందుకు పారేశారు?"

"చూశావా?" తలెత్తకుండానే అన్నారు. "గెలిచాక ఇంటికి పోతానని అంతమందిలో అన్నాను. గెలిస్తే పోవద్దూ? మాట తప్పమంటావా?"

"మీరు వెళ్లిపోవాలనే కదా అనుకున్నారు?"

"అనుకున్నాను. విమానం మాటెత్తగానే నువ్వు మొహం తిప్పుకున్నావుగా. తిప్పుకుంటే కనపడదనుకున్నావా? పోగు తెగితే కనిపెట్టే కళ్లే ఇవి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. నన్ను అంతగా ప్రేమిస్తారని నాకు ఆ రోజు వరకూ తెలియదు. ఆవిడ విసుగ్గా నా తలని పక్కకి నెట్టారు.

"చాల్లే, పద. ఊరంతా చూసి సాయంత్రానికల్లా వచ్చెయ్యాలి. మళ్లీ ఓడిపోవాలి నేను."