బాలమ్మ సాక్ష్యం

దొర్నిపాడు పక్క పల్లెలో కాలువ గట్టు మీద ఊరి భూస్వామి శివనాగిరెడ్డి బావమరిదిని ఎవరో కొడవలితో నరికి చంపిపోయినారు. పక్క చేలో కలుపు తీస్తున్న బాలమ్మ కేక విని ఉరికింది. రక్తంలో పడిన మనిషి తప్ప ఆమెకు ఇంకెవరూ కనబడలేదు. పోలీసులు వచ్చేలోపల రెడ్డి ఆమెను పక్కకు పిలిచినాడు.

“వెంకటేష్ కొడవలి పట్టుకోని పారిపోతాంటే చూసినానని చెప్పు.”

నీళ్ల వంతు కాడ, అదే కాలువ కింద సేద్యం చేసే వెంకటేష్‌కూ రెడ్డికీ పడదని ఊరందరికీ తెలుసు. బాలమ్మది రెడ్డి చేలో కూలి, రెడ్డి ఇచ్చిన జాగాలో గుడిసె. చెప్పమన్నట్టే చెప్పింది. వెంకటేష్ జైలుకు పోయినాడు.

ఏడాదిన్నర గడిచింది. ఆదివారం ఆరాధన ఒక్కటీ మానని బాలమ్మకు ఇప్పుడు ప్రార్థనలో నోరు పెగలడం లేదు. అట్లాంటి రోజుల్లో వెంకటేష్ కేసులో సాక్ష్యానికి రమ్మని నంద్యాల కోర్టు నుంచి సమన్లు వచ్చినాయి.

“నిజం చెప్పేస్తా,” అంది భర్త మత్తయితో.

“నీకేమన్నా మతి పోయిందా? మనల్ని ఈడ బతకనిస్తారా?” మత్తయి తలుపు దగ్గరకు వేసినాడు.

పాస్టరు శాంసన్ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పి ఏడ్చింది. “ఏం చేయమంటారో మీరే చెప్పండయ్యా. మీరెట్ల చెప్తే అట్ల చేస్తా.”

ఆయన తల అడ్డంగా ఊపినాడు. “నేను చెప్తే నా మాట విన్నట్టయితాదమ్మా. ఇన్నాళ్లూ రెడ్డి మాట వింటివి. దేవునికి లోబడేది మాత్రం నీ మనసులోంచే రావాల.”

ఆ మాటతో ఆమె భయం ఇంకా పెరిగింది. నెపం వేసేందుకు ఇంకెవరూ మిగల్లేదు.

వాయిదా రోజు ఆళ్లగడ్డ బస్టాండులో రెడ్డి ఆమెను తన కారు ఎక్కించుకున్నాడు. శిరివెళ్లలో ఆపి ఇడ్లీ తినిపించినాడు. “తిను బాలమ్మా, మొగం పీక్కుపోయింది,” అన్నాడు మెత్తగా. తిట్టినా అంత దడ పుట్టేది కాదు. ఇడ్లీ సగంలోనే వదిలేసింది.

బోనెక్కింది. దేవుని ఎదుట ప్రమాణం చేయించినారు. ఎదురుగా వెంకటేష్. ముప్పై ఐదేళ్ల మనిషికి తల సగం నెరిసింది. ఆమె వైపు కోపంగా కూడా చూడలేదు, నేలను చూస్తున్నాడు. బాలమ్మకు నరకం గుర్తుకు రాలేదు, పాస్టరు గుర్తుకు రాలేదు. ఈ మనిషిని ఇంక ఒక్క పూట కూడా అక్కడ నిలబెట్టకూడదు, అంతే అనిపించింది.

“ముద్దాయి పారిపోతుంటే చూశారు కదా?” సర్కారు వకీలు అడిగినాడు.

“లేదు సార్. నేను ఎవర్నీ చూల్లేదు. రెడ్డి చెప్పమంటే చెప్పినా.”

అబద్ధపు సాక్ష్యానికి శిక్ష ఉంటుందని జడ్జి హెచ్చరించినాడు.

“ఉండనీ సార్,” అంది.

బయట మెట్ల కాడ రెడ్డి ఆమెకు దగ్గరగా వచ్చినాడు. “ఊళ్లోకి ఎట్ల వస్తావో చూస్తా.” అంత మాట అని కారెక్కిపోయినాడు.

ఎటు పోవాలో తెలియక ఆవరణలోనే నిలబడిపోయింది. వెనక చెప్పుల శబ్దం విని అదిరిపడింది. వెంకటేష్ తల్లి సుబ్బలక్ష్మమ్మ.

“యాడికి పోతావు?”

“తెలీదక్కా.”

సుబ్బలక్ష్మమ్మ కళ్లలో కోపం ఇంకా చల్లారలేదు. “నా కొడుకును తినేస్తివే...” అని ఆగి, కళ్లు తుడుచుకుంది. “గడివేములలో మా చెల్లెలుంది. ఆడికి పద. మత్తయికి ఫోన్ చెయ్యి, ఉన్నపళంగా బయల్దేరమను.”

ఆ సాయంత్రమే రెడ్డి మనుషులు గుడిసె పీకేసినారు. మత్తయి కట్టుబట్టలతో గడివేముల చేరినాడు.

మూడు నెలలకు కేసు కొట్టేసినారు. ఇంకో వారానికి వెంకటేష్ గడివేముల వచ్చి బాలమ్మ వాకిట్లో నిలబడినాడు. రెడ్డిని చూసినప్పటికంటే ఎక్కువ భయమేసింది ఆమెకు.

“తప్పు నాదే నాయనా,” అంది తల ఎత్తకుండా.

అతను మన్నించినానని అనలేదు. మెట్టు మీద కూలబడి, “మంచినీళ్లు ఇయ్యమ్మా,” అన్నాడు.

చెంబు అందిస్తుంటే సగం నీళ్లు ఒలికిపోయినాయి. అతను చెంబును రెండు చేతులా పట్టుకుని, మిగిలినవి తాగినాడు.