పాట మొదలవక ముందు

మా ఆయన వెండెల్ డ్రమ్ములు వాయించేవాడు. ఆ బ్యాండులో ఉన్నది ముగ్గురే, మోత మాత్రం ముప్పై మందిది. మా ఊరు ఏక్రన్‌లోని టైర్ల ఫ్యాక్టరీ సైరన్ కూడా వీళ్ల ముందు దిగదుడుపే. మొదటి ఆల్బం వచ్చిన చలికాలంలోనే, మంచురోడ్డు మీద వ్యాను జారి బోల్తాపడి చనిపోయాడు. అమ్ముడుపోని రికార్డులన్నీ కంపెనీవాళ్లు కరిగించేశారు.

ఆయన గొంతు నాకు మిగిలింది మా ఇంట్లో ఉన్న కాపీలోనే. అలాగని పాడలేదు. డ్రమ్ముల వాడి నోటికి మైకెవడు పెడతాడు? మొదటి పాట ఎత్తుకునే ముందు, కర్రలు తాటించి "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అన్నాడు. అది అందులో పడిపోయింది. ఆ ముక్క వినడం, సూది ఎత్తడం, మళ్లీ పెట్టడం. ఏళ్ల తరబడి అదే పని. చివరికి గాడి అరిగిపోయి బుస మిగిలింది, దాని వెనక "నాలుగు" ఒక్కటి.

అందుకే ఆల్బం మళ్లీ వేస్తున్నారంటే నా ప్రాణం లేచొచ్చింది. గిటారు వాయించిన రస్ స్వయంగా తెచ్చాడు.

"వదినా, సౌండు అద్దంలా ఉంది!"

"సోది ఆపి పెట్టరా బాబూ."

పెట్టాడు. ఎత్తుకోవడమే గిటారు విరుచుకుపడింది.

"వెండెల్ ఏడిరా?"

"వాయిస్తున్నాడుగా!"

"వాయింపు కాదురా మొద్దూ! లెక్క ఏదీ?"

రస్ మొహం పాలిపోయింది. "పాటకి ముందున్న చెత్తంతా తీసెయ్యమన్నాను వదినా. నేనే."

నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నీ పడ్డాడు. తర్వాత నా పాత రికార్డు పెట్టాను. బుస మొదలవగానే రస్ కళ్లు మూసుకుని, తొడ మీద తడుతూ లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు..."

"నాలుగు," అన్నాడు వెండెల్, సరిగ్గా ఆ దెబ్బ మీదే.

"రోజూ వాడి లెక్క మీదేగా ఎత్తుకున్నాను వదినా," అని ఏడ్చాడు రస్.

వాడు వెళ్లాక ఇల్లు బావురుమంది. నేనూ సూది పెట్టి లెక్కపెట్టాను. నేను మూడు అనకముందే ఆయన నాలుగు అనేశాడు. ఎప్పుడూ ఇంతే ఈ మనిషి, నన్ను వదిలేసి ముందు వెళ్లిపోవడమే.