హెబ్రోను కారుకు ట్యూనింగ్

కోట అనే ఊళ్లో రొయ్యల మేత అమ్మే హెబ్రోనుకు తెలియని విషయం లోకంలో లేదు. ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే తన పాత కారుకు పెద్ద ఇంజెక్టర్లు, ఎక్కువ ప్రెషరు ఇచ్చే పెట్రోలు పంపు వేయించాడు. వేసిన మెకానిక్కు ట్యూనింగ్, అంటే కొత్త భాగాలకు తగ్గట్టు కారులోని కంప్యూటరును సరిచేయడం, రాదు. ఆ మాటే చెప్పి, చెన్నైలో చేయించుకోమన్నాడు. హెబ్రోను నవ్వి తాళాలు తీసుకొని వచ్చేశాడు.

ఆయన మరదలు ఏంజెలిన్ చెన్నైలో చేసే ఉద్యోగం ఆ ట్యూనింగే. తన పెళ్లి కోసం అక్క ఇంటికి వచ్చిన ఆమె, కారు వాకిట్లో ఆగగానే ముక్కు మూసుకుంది.

"బావా, ట్యూనింగ్ చేయించలేదా? కంప్యూటరు ఇంకా పాత ఇంజెక్టర్లే అనుకుంటా ఉండాది. ఇవి పెద్దవి గదా, పెట్రోలు కుమ్మరిస్తా ఉండాయి. మండేది కొంత, మసయ్యేది కొంత."

"పెట్రోలు ఎక్కువ తాగితే పవరు ఎక్కువొస్తాది. ఏసీలో కూర్చునేవాళ్లకి అది యాడ తెలుస్తాది? రేపు నిన్ను చర్చికి దీంట్లోనే తీసకపోతా. ఊరంతా చూడాల."

మరునాడు ఊరంతా చూసింది. బస్టాండు దాటకముందే కారు ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేస్తే నల్లటి పొగ లేచి వెనకాల వస్తున్న బ్యాండు మేళాన్ని కప్పేసింది. బాకా ఊదేవాడు దగ్గుతూ పక్కకు పరిగెత్తాడు. హెబ్రోను ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంజిను టపాకాయలా పేలి ఊరుకుంది.

"పెట్రోలు కల్తీ," అన్నాడు.

"కల్తీ పెట్రోల్లో లేదులే బావా," అంటూ ఏంజెలిన్ తెల్ల పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని దిగింది. రొయ్యలకు ఐసు తోలే మినీ లారీని ఆపి ఎక్కింది. ఆమె అక్క ఫ్లోరా కూడా భర్త వైపు చూడకుండా ఎక్కేసింది. హెబ్రోను కారు తోయించుకుంటూ చర్చికి చేరేసరికి విందు వడ్డిస్తున్నారు.

పెళ్లి సందడి తగ్గాక ఏంజెలిన్ భర్తతో భోజనానికి వచ్చింది.

"కారు కొంచెం చూడకూడదూ," అన్నాడు హెబ్రోను, గోడతో చెప్పినట్టు.

"మనిషి మొహం చూసి అడుగు," అంది ఫ్లోరా. అడిగాడు.

ఏంజెలిన్ మసి పట్టిన ప్లగ్గులు మార్పించింది. పెట్రోలు కలిసి పలచబడిన ఇంజినాయిలు తీయించి కొత్తది పోయించింది. పొగగొట్టంలో సెన్సరు బిగించి, కొత్త ఇంజెక్టర్ల కొలతలు, పంపు ప్రెషరు లాప్‌టాప్‌తో కారు కంప్యూటరులోకి ఎక్కించింది. కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజిను వణక్కుండా సరిచేసి, తర్వాత వాకాడు రోడ్డెక్కించింది. నడిపేది హెబ్రోను, పక్కన లాప్‌టాప్ చూస్తూ ఏంజెలిన్.

"మెల్లిగా తొక్కు. ఇంకా మెల్లిగా. ముందు నీ కాలికి చెయ్యాలబ్బా ట్యూనింగ్!"

ఆపుతూ, మారుస్తూ, మళ్లీ నడిపిస్తూ సాయంత్రానికి పని ముగిసింది. పొగ పోయింది. తొక్కితే కారు సాఫీగా దూసుకుపోతోంది. హెబ్రోను మొహం వెలిగిపోయింది. ఏంజెలిన్‌కు ఆయన మీద కాస్త జాలి కూడా వేసింది.

ఆ జాలి వాకాడు టీ కొట్టు దాకానే నిలిచింది. అక్కడ తెలిసిన రొయ్యల రైతు పద్మనాభయ్య కారు బాగుందన్నాడు.

"అన్నీ నేనే దగ్గరుండి ఏయించినా. సర్దుకోడానికి టైం పట్టింది, అంతే. ఇప్పుడు దానంతటదే దారికొచ్చింది," అన్నాడు హెబ్రోను.

ఏంజెలిన్ కిటికీలోంచి తల బయటపెట్టింది. "బావా, పాత సెట్టింగే మళ్లీ ఎక్కించేదా? దానంతటదే సర్దుకుంటాది గదా."

పద్మనాభయ్యకు టీ పొలమారింది.

"మా మరదలు... కొంచెం సాయం చేసిందిలే," అని గొణిగాడు హెబ్రోను. ఆ 'కొంచెం' వదులుకోవడానికి మాత్రం ఆయనకు ప్రాణం ఒప్పలేదు.