పుట్టుమచ్చ ఏ వైపు

"ఒక ఫొటోలో పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీదుంది, ఇంకోదాంట్లో కుడి బుగ్గ మీదుంది. సెల్ఫీల్లో ఒక్కోసారి అటుదిటు అవుతుంది. ఏది ఉంచమంటారు?" అన్నాడు స్టూడియో అతను.

చెల్లిని ఎవరో బస్టాపు వెనక పొడిచి చంపి ఏడాదైంది. ఎవరన్నది ఇంతవరకూ తేలలేదు. గోడకు పెట్టుకోవడానికి పెద్ద ఫొటో చేయిద్దామని అమ్మా నాన్నా నేనూ వచ్చాం.

అమ్మ తన కుడి బుగ్గ తాకి, "నాకెదురుగా కూర్చుంటే ఇటుండేది" అంది. నాన్న ఎడమ బుగ్గ చూపించి, "కాదే, ఇటు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కన్నకూతురి మొహం గుర్తులేదా అని అడగబోయి ఆగిపోయాను. చిన్నప్పటినుంచీ ఒకే అద్దం ముందు చెల్లిని మోచేత్తో నెడుతూ తల దువ్వుకున్నదాన్ని. తలుచుకుంటే అద్దంలో మొహమే కనిపిస్తోంది తప్ప అసలుది కనిపించడం లేదు.

"పోలీసులకి ఏ ఫొటో ఇచ్చాం?" అన్నాను నాన్న చెవిలో.

అమ్మాయి పోయిందని తప్ప ఇంకేమీ తెలియని స్టూడియో అతను ఓపిగ్గా అన్నాడు: "పోనీ, ఆఖర్న దగ్గర్నుంచి చూసినవాళ్ళెవరో వాళ్ళని కనుక్కోండమ్మా."

ఏడాదిగా స్టేషన్ చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతున్నది వాడి కోసమే.