తడిపితే అరిచే కప్పలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అద్దాలు కోసే పని కాబట్టి దుకాణంలో మాత్రం అణచుకుంటాను. విసురుగా గీస్తే అద్దం అడ్డదిడ్డంగా పగులుతుంది. ఇంట్లో ఆ అవసరం రాలేదు, ఒంటరిదాన్ని.

అక్క పోయాక బావ కూతుర్ని గొడ్డును బాదినట్టు బాదుతున్నాడని తెలిసి, వెళ్లి తెచ్చేసుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల. బట్టల సంచి మరిచిపోయింది గానీ, ఆరు చెట్టు కప్పలున్న గాజు పెట్టెను మాత్రం ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి కళ్లు. పగలంతా ఆకులకు అంటుకుని నిద్ర, పొద్దు వాలితే గోడలెక్కి సర్కస్. ఈ ఇంట్లో నిన్నెవరూ కొట్టరని వచ్చిన రోజే మాటిచ్చాను. పిల్ల తలూపింది గానీ నమ్మలేదు. అది నమ్మాలి, నాకు కావాల్సింది అదొక్కటే.

నమ్మలేదని పెట్టెలో ఎండిపోతున్న నాచే చెప్పింది. ఎప్పుడూ వాన కురిసే అడవుల కప్పలవి, రోజూ సాయంత్రం బాగా తడపాలి. ఈ పిల్ల పొద్దున్నే నాలుగు చుక్కలు చల్లి ఊరుకునేది. ఎందుకని అడిగితే, సాయంత్రం తడిపితే వానొచ్చిందనుకుని అరుస్తాయని, అరిస్తే నాన్న కొడతాడని చెప్పింది. ఇక్కడ ఎంతైనా అరుచుకోనీ, నాకూ కాస్త సంగీతం కావాలన్నాను.

మూడు వారాలు పట్టింది. నిన్న సాయంత్రం తనంతట తానే స్ప్రే సీసా తీసి పెట్టె అంతా తడిపింది. కప్పలు ఒక్కసారిగా అందుకున్నాయి. పిల్ల పగలబడి నవ్వింది.

ఆ రాత్రే పిల్లను వెతుక్కుంటూ వచ్చిన బావకు మేముండే మేడ తెలుసు గానీ ఏ గదో తెలియదు. ఆ అరుపులే దారి చూపించాయి. తలుపు తన్ని లోపలికొచ్చి పిల్లను జుట్టు పట్టి ఈడ్చాడు. అడ్డం వెళ్తే నా మొహం మీద గుద్దాడు, పెదవి చిట్లింది. ఒక చేత్తో పెట్టెను లాగి నేలకేసి కొట్టాడు. ఒక కప్ప గాజు ముక్క కింద రెండుగా తెగింది. ఇంకోదాన్ని బూటుతో నలిపేశాడు.

బల్ల మీద నా సుత్తి ఉంది. మొదటి దెబ్బ మోచేతికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. వాడు జుట్టు వదిలేశాడు. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. మోకాలి మీద కొట్టాను, పడ్డాక వేళ్ల మీద కొట్టాను, చచ్చిపోతానే ఆపవే అని ఏడుస్తుంటే పక్కటెముకల మీద కొట్టాను. అబద్ధమెందుకు, హాయిగా ఉంది. అక్క కోసం ఒకటి, పిల్ల కోసం ఒకటి అనుకుంటూ మొదలుపెట్టి, తర్వాత ఎవరి కోసమో మరిచిపోయాను. వాడు నెత్తురు ఓడుతూ మెట్ల మీదుగా పాక్కుంటూ పోయాడు.

తలుపు మూసి వెనక్కి తిరిగాను. పిల్ల బల్ల కింద దూరి, మిగిలిన నాలుగు కప్పల్నీ తడిగుడ్డలో పొదివి పట్టుకుంది. బయటికి రమ్మంటే వచ్చింది. నా మొహం వైపు చూడలేదు, చేతుల వైపే చూసింది.

"పిన్నీ, ఏం చేస్తే కొడతావో ముందే చెప్పు. అది చెయ్యను."

ఏడవలేదు. బడిలో టైంటేబుల్ అడిగినట్టు అడిగింది. నిన్నెప్పటికీ కొట్టనని చెప్పాను. అసలు జవాబు చెబుతానేమోనని పిల్ల ఇంకాసేపు అక్కడే నిలబడింది.