వంకర కాడ గరిటె

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేది మా ఆడపడుచైతే మొదటి బంతిలో కూర్చున్నా ఒకటే. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో వంటిల్లంతా ఆవిడ చేతిలో ఉండేది. మిగతా అందరికీ పెద్ద గరిటె, నాకు మాత్రం కాడ వంకరపోయిన బుల్లి గరిటె. మా అబ్బాయి నా కడుపులో ఉన్నప్పుడు ఓ పూట ఆకలికి తట్టుకోలేక, ఇంటిల్లిపాదీ తింటుండగా గిన్నె చాపి ఇంకొంచెం పెట్టమని అడిగాను. ఆవిడ గరిటె గాల్లోనే ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"నీది కడుపా, చెరువా?"

అందరికన్నా గట్టిగా నవ్వింది మా మరిది. ఆ పూట నుంచి నా పేరు చెరువు. మా అత్తగారు పోయారు, మా ఆయన పోయారు, ఆనాడు నవ్వినవాళ్ళు చాలామంది పోయారు. ఆ పేరు మాత్రం పోలేదు. మరిది ఇప్పటికీ "చెరువు వదినా, బాగున్నావా" అంటూనే గుమ్మంలో చెప్పులు విడుస్తాడు.

వేరు కాపురం పెట్టినప్పుడు ఆ ఇంట్లోంచి నేను అడిగి తెచ్చుకున్నది ఆ వంకర గరిటె ఒక్కటే. పిచ్చిది అనుకున్నారు. మా వంటింట్లో మేకుకి తగిలించి ఉంచాను. దాంతో ఎవరికీ వడ్డించలేదు. దాని రోజు దానికి రాకపోతుందా అనుకున్నాను.

వచ్చింది. మా ఆడపడుచు ఇంటి పైకప్పు కారుతోందని పని మొదలుపెట్టి, అది అయ్యేదాకా ఆవిడని మా ఇంట్లో దింపి వెళ్ళాడు ఆవిడ కొడుకు. మా ఇంట్లో ముందు గది నిండా కోడలి కుట్టుమిషను, ఊరందరి జాకెట్లు. వెనక గది నాది. నా మంచం పక్కనే ఆవిడ మంచం వేశాం.

మనిషి చిక్కి సగమైంది గానీ పొట్ట మాత్రం డప్పులా ఉంది. తిండి చూస్తే టీ, టీలో ముంచిన బిస్కెట్లు, తెల్ల బ్రెడ్డు. పళ్ళు లేవని నమిలేవన్నీ మానేసింది. మాటిమాటికీ లేచి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు మానేసింది. పడుకోబోయే ముందు ఓ చెంచా విరేచనాల పొడి. పేగులు ఆ పొడికీ అలవాటుపడిపోయి పలకడం మానేశాయి. పొద్దున్న బాత్రూములో దూరితే, మా కోడలు ఓ జాకెట్టు కుట్టి గుండీలు వేసేదాకా బయటికి వచ్చేది కాదు.

డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ పొట్ట నొక్కి చూసి, పరీక్షలు చేయించి, భయపడాల్సిందేమీ లేదంది. వయసు మీద పడ్డాక పేగు నెమ్మదిస్తుందట. దానికి పీచు కావాలి, నీళ్ళు కావాలి, కాస్త నడక కావాలి. గింజలూ ఆకుకూరలూ మెత్తగా ఉడికించి పెట్టమంది. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, కొంచెం కొంచెంగా పెట్టండి అంది.

కొంచెం కొంచెంగా. నా చెవిలో తేనె పోసినట్టయింది. ఇంటికి రాగానే మేకు మీది గరిటె దించి తళతళలాడేట్టు తోమాను.

నాకు కావలసింది ఒక్కటే. ఆవిడ గిన్నె చాపి ఇంకొంచెం పెట్టమని అడగాలి. మరిది వినాలి.

మొదటి పూట ఆ గరిటె చూడగానే ఆవిడ ముఖం మాడిపోయింది. గుర్తుపట్టింది. సగం తిని గిన్నె తోసేసి, దీనికి పశువులు కూడా మూతి తిప్పుకుంటాయంది. డాక్టరమ్మ మాట వదినా అన్నాను, ఎంతో వినయంగా. పొద్దున్న ఓట్స్ జావ, మధ్యాహ్నం చిక్కుడు గింజలూ ఆకుకూరా వేసి చిక్కగా కాచిన సూపు, సాయంత్రం మగ్గిన బొప్పాయి. డాక్టరమ్మ చెప్పినట్టే పొడి తగ్గిస్తూ వచ్చాను. బిస్కెట్లు నా పెట్టెలో పెట్టి తాళం వేస్తే నాకు జైలరమ్మ అని పేరు పెట్టింది. చెరువు కన్నా నయమే అనుకున్నాను.

కానీ కడుపు కదలలేదు సరికదా, ఇంకా బిగిసింది. ఓ సాయంత్రం నొప్పితో మంచం మీద ముడుచుకుపోయింది. కోడలు కంగారుగా ఫోన్ చేస్తే డాక్టరమ్మ నీళ్ళు తాగుతున్నారా అని అడిగింది. రోజూ గ్లాసు బోర్లించి చూపిస్తోంది కదా అనబోతూ కిటికీ వైపు చూశాను. ఆవిడ మంచం పక్కన కుండీలో మొక్క పసుపురంగుకు తిరిగి వాలిపోయింది. వేలితో నొక్కితే మట్టి బురద బురద, వేళ్ళు కుళ్ళిన వాసన.

"వదినా, ఆ మొక్కకి మలబద్ధకం లేదు," అన్నాను.

జాకెట్లు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ముందు గదిలోంచి విన్నారు. వినాలనే అన్నాను. ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆ పూటకి డాక్టరమ్మ మందుతో గండం గడిచింది. మర్నాటి నుంచి గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చునేదాన్ని. గుటక గుటకకీ ఆవిడ గొంతు కదలడం చూసేదాన్ని. చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించేదాన్ని. ఆవిడ తిడుతూ నడిచేది, నేను వింటూ నడిచేదాన్ని. జావ తాగాక బాత్రూములో కాళ్ళ కింద పీట వేసి, తొందరేం లేదని చెప్పి తలుపు బయట కాపలా కూర్చునేదాన్ని. పగ తీర్చుకోవడానికి ఇంత ఓపిక కావాలని నాకెవరూ చెప్పలేదు.

"నన్ను బతకనివ్వవుటే?" అంది లోపలి నుంచి.

"బతకాలి వదినా. మీతో నాకు పనుంది."

ఓ పొద్దున్న కోడలు సూదిలో దారం ఎక్కించేలోపే ఆవిడ బయటికి వచ్చేసింది. ముఖంలో కళ వచ్చింది. దాని వెనకే ఆకలీ వచ్చింది. చెంచాతో గిన్నె గీకే చప్పుడు వింటూ నేను పొయ్యి దగ్గరే నిలబడేదాన్ని. ఆవిడ సూపు కుండ వైపు చూసేది, నా వైపు చూసేది, గుటక మింగి గిన్నె కింద పెట్టేసేది. పంతం మా ఇద్దరికీ ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆదివారం మరిదిని భోజనానికి పిలిచాను. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి సూపులో వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడింది. చెరువు వదినా అంటూనే వచ్చి కూర్చున్నాడు. అతనికీ అబ్బాయికీ కోడలికీ పెద్ద గరిటెతో పోశాను. ఆవిడకి వంకర గరిటెతో. అందరికన్నా ముందు ఆవిడ గిన్నే ఖాళీ అయింది. కాసేపు గీకింది. తమ్ముడి గిన్నె వంక చూసింది. చివరికి చెయ్యి చాపింది.

"ఇంకొంచెం పెట్టవే."

గరిటె గాల్లోనే ఆపాను. మరిది నమలడం మానేశాడు. అతనికి గుర్తొచ్చింది.

"మీది కడుపా వదినా, చెరువా?"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ గిన్నె దించలేదు.

"చెరువే," అంది. "ఎండిపోయిన చెరువు. పొయ్యవే."

పోశాను. వంకర గరిటెతోనే, నిండుగా. మళ్ళీ చాపితే, కొంచెం కొంచెంగా అంది డాక్టరమ్మ, రేపు చూద్దాం అన్నాను.

మరిది వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుని తల ఎత్తకుండా, "వస్తాను వదినా," అన్నాడు. ఉత్త వదినా. ఆ మాట వంటింట్లోకి వచ్చి మళ్ళీ ఓసారి మనసులో అనుకున్నాను.

గిన్నెలు తోముతూ కోడలు, ఇంక ఆవిడని క్షమించేసినట్టేనా అత్తయ్యా అని అడిగింది. ఆ గరిటె కడిగి మేకుకి తగిలించమన్నాను. చేతికి అందేట్టు తగిలించమన్నాను. వాళ్ళ పైకప్పు పని ఇంకా అవలేదు.